ఇంటి పనిలోనే పిల్లల చదువు

(ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలున్న కుటుంబాలతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం నిద్ర మానుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తితే ఆపకండి, నాకు అలవాటే. మూడేళ్ళ పిల్ల గంటసేపు కదలకుండా కూర్చుంటే అప్పుడు మనం కంగారుపడాలి.

నన్ను పిలిచినవాళ్ళు మెసేజ్‌లో "ప్రీస్కూల్ పిల్లలకు ఇంట్లో చేయించే యాక్టివిటీస్ గురించి చెప్పండి" అని అడిగారు. యాక్టివిటీ అనగానే రంగు కాగితాలు, గ్లిట్టరు, జిగురు, నెలనెలా ఇంటికి వచ్చే కిట్లు గుర్తుకొస్తాయి. నేను వాటి జోలికి పోను. చాలాకాలం అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే పని చేశాను. అక్కడ మా సామాను గులకరాళ్ళు, ఆకులు, సీసా మూతలు, పాత చీర ముక్కలు. వాటితోనే పిల్లలు బ్రహ్మాండంగా నేర్చుకునేవారు. మీ ఇళ్ళలో వాటికంటే చాలా ఎక్కువే ఉన్నాయి. ఉన్న కొరత ఒక్కటే, మన తొందర. కూర తరిగే పని త్వరగా తెమలాలని పిల్లాడి చేతికి ఫోనిస్తాం. తరగడం అయ్యాక "రా నాన్నా, యాక్టివిటీ చేద్దాం" అంటాం. అసలు యాక్టివిటీ ఆ కూర దగ్గరే అయిపోయింది!

(నవ్వులు)

ముందు ఒక భయం సంగతి తేల్చుకుందాం. 2020 జాతీయ విద్యా విధానంలో ఒక మాట ఉంది: పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని. ఈ వయసు పిల్లల్ని ప్రభుత్వాలు పట్టించుకోవాలని చెప్పడానికి ఆ మాట రాశారు. అదే మాట ప్లేస్కూల్ బ్రోచర్‌లోకి ఎక్కేసరికి "ఇప్పుడు చేర్చకపోతే మీ పాప వెనకబడుతుంది" అనే బెదిరింపు అయింది. బ్రోచర్ వేసినవాళ్ళు మిగతా పేజీలు చదివినట్టు లేరు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఐదేళ్ళను ఒకే పునాది దశగా చూడమని, ఆటలతోనూ చేతి పనులతోనూ నేర్పమని కూడా అందులోనే ఉంది. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్న లెక్క కూడా ఆ విధానంలోదే. 2023లో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఈ వయసు వాళ్ళ కోసం 'జాదూయీ పిటారా', అంటే మాయాపెట్టె, అని ఒక పెట్టె తయారుచేసింది. తెరిచి చూస్తే బొమ్మలు, పజిళ్ళు, పోస్టర్లు, కథల పుస్తకాలు కనిపిస్తాయి. నాలుగేళ్ళ పాపకు రోజూ నాలుగు పేజీల కాపీరైటింగ్ ఇవ్వమని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఎందుకంటే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది రాత గురించే. "మేడమ్, పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం లేదు", "అ రాయమంటే ఏడుస్తోంది" అని.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. ఏడాది ఏడాదికీ ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తుంది. డాక్టర్లు పిల్లల చేతి ఎక్స్‌రే చూసి ఎదుగుదల వయసు చెప్పగలిగేది అందుకే. మూడు, నాలుగేళ్ళ వయసులో ఎక్స్‌రే తీస్తే ఆ ఎనిమిదిలో మూడో నాలుగో కనిపిస్తాయి. మిగతావి ఇంకా తయారీలో ఉన్నాయి. అలాంటి చేత్తో మనం 'ఋ' రాయమంటున్నాం. తెలుగు అక్షరం అంతా మెలికలే కదా. 'అ' ఒక్కటి రాయడానికి వేళ్ళు ఎన్ని వైపులకు తిరగాలో ఇంటికెళ్ళి నెమ్మదిగా రాసి చూసుకోండి. ఆ చెయ్యి ముందు బలపడాలి, వేళ్ళు విడివిడిగా కదలడం రావాలి, ఆ తర్వాతే రాత.

చెయ్యి బలపడటానికి ఏం చేయాలి? చిక్కుడుకాయలు తెచ్చిన రోజు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. చివర తుంచి ఈనె లాగడం చూపించండి. అందులో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ పనిచేస్తాయి. రేపు పెన్సిల్ పట్టుకునేదీ ఆ మూడు వేళ్ళే. పచ్చి బఠానీలు ఒలవడం ఇంకా బాగుంటుంది. కాయ నొక్కగానే టప్పుమని విచ్చుకుంటుంది కాబట్టి ఎవరూ బతిమాలక్కర్లేదు. కరివేపాకు రెబ్బ నుంచి ఆకులు దూయడం, కొత్తిమీర తుంచడం, ఉడికిన బంగాళదుంప తొక్క తీయడం, చపాతీ పిండిలో ఒక ముద్ద ఇచ్చి పాములు, ఉండలు చేసుకోమనడం. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు వాళ్ళకివ్వండి. క్లిప్పు నొక్కి తెరవాలంటే మూడేళ్ళ పిల్లకు గట్టి కసరత్తే. రుమాళ్ళు, సాక్సులు పిండమనండి. నీళ్ళన్నీ కారవు, కారనివ్వండి, ఎండ ఉందిగా.

ముగ్గు సంగతి. చిటికెడు పిండి తీసుకుని సన్నటి ధారగా వదలడం ఎంత కష్టమో ముగ్గు వేసేవాళ్ళకు తెలుసు. ఐదేళ్ళ పిల్లకు ముందు మీరు చుక్కలు పెట్టివ్వండి, రెండు చుక్కల మధ్య గీత కలపమనండి. గీత లావుగా వస్తుంది, వంకరపోతుంది. ఏం ఫర్వాలేదు. అడ్డగీత, నిలువుగీత, ఏటవాలు గీత, చుక్క చుట్టూ తిరిగే మెలిక అన్నీ అందులో వస్తాయి. అబ్బాయిలతో కూడా వేయించండి. ఎందుకు నవ్వుతున్నారు? మీ అబ్బాయికి కూడా అవే ఎముకలు!

(నవ్వులు)

అక్షరాభ్యాసం రోజు మనం ఏం చేస్తాం? పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టుకుని రాయిస్తాం. ఫొటోలు తీసుకుంటాం. మర్నాడు ఆ బియ్యం వండేసుకుని నోటుపుస్తకం ఇస్తాం. నన్నడిగితే ఆ పళ్ళెం ఏడాదిపాటు ఇంట్లో ఉండాలి. బొంబాయి రవ్వో, సన్నటి ఇసుకో పోసి ఉంచండి. వేలితో గీస్తారు, పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది, మళ్ళీ గీస్తారు. తప్పు రాసినట్టు ఎక్కడా మచ్చ మిగలదు. ఇంకో పద్ధతి ఏమీ ఖర్చు లేనిది: చిన్న మగ్గులో నీళ్ళు, పాత పెయింటు బ్రష్షు ఇచ్చి బాల్కనీ గోడ మీద ఏం కావాలంటే అది గీయమనండి. నిలబడి, భుజం ఎత్తి, చెయ్యంతా తిప్పి గీస్తారు. భుజం గట్టిపడితేనే మణికట్టు నిలకడగా ఉంటుంది. గోడ ఆరిపోతుంది, మీకు సున్నం ఖర్చు లేదు.

మారియా మాంటిస్సోరి పేరు అందరూ వినే ఉంటారు, ప్రతి సందులో ఒక బోర్డు ఉంది. ఇటలీ డాక్టరమ్మ. 1907లో రోములో కూలీల పిల్లల కోసం మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, ప్రపంచ యుద్ధం వల్ల కొన్నేళ్ళు మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె పద్ధతిలో పిల్లలకు మొదట్లో ఇచ్చే పనులు ఏమిటో తెలుసా? ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు ఒంపడం, బొత్తాలు పెట్టుకోవడం, బల్ల తుడవడం, చేతులు కడుక్కోవడం. ఆ పనులు ఇంట్లో చేయనివ్వకుండా, అవే చేయించే బడికి ఫీజు కడుతున్నాం.

ఇక లెక్కలు. "మా బాబు వంద దాకా చెప్తాడండీ" అంటారు. సంతోషం. అయితే వాడిని ఐదు స్పూన్లు తెమ్మనండి. గుప్పెడు పట్టుకొస్తే, వంద దాకా చెప్పేది పద్యం అన్నమాట. పద్యం నేర్చుకోవడం మంచిదే, కానీ లెక్క వేరే సంగతి. 1978లో రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు లెక్కపెట్టడంలో ఎన్ని విషయాలు ఇమిడి ఉన్నాయో విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. అంకెల వరస మారకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. ఎటునుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్ళకు ఇవి ఇంత తేలికగా అనిపిస్తాయి కాబట్టే నేర్పాలని తోచదు. చాలామంది పిల్లలకు మూడోది కష్టం. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని వేలు పెట్టి చక్కగా లెక్కపెడతారు. "అయితే ఎన్ని?" అంటే మళ్ళీ మొదటినుంచీ లెక్కపెడతారు.

దీనికి మందు భోజనాల వేళ. "ఇవాళ ఎంతమందిమి తింటున్నాం? అందరికీ కంచాలు పెట్టు." నానమ్మకొకటి, నాన్నకొకటి, అమ్మకొకటి, నాకొకటి. మనిషికొక కంచం. ఒక గ్లాసు తక్కువైతే మీరు చెప్పకండి. కూర్చున్నాక ఎవరికో గ్లాసు లేదని వాళ్ళకే తెలుస్తుంది, లేచి ఒకటి తెస్తారు. కూడిక అక్కడే అయింది. మీరు దానికి పేరు పెట్టక్కర్లేదు, చప్పట్లు కొట్టక్కర్లేదు.

మన పాత ఆటలు ఈ కంటితో చూడండి. కాళ్ళాగజ్జ కంకాళమ్మ ఆటలో పిల్లలు వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఒకరు మాటకొక కాలు చొప్పున తాకుతూ పోతారు. ఒక్కో వస్తువుకు ఒక్కో తాకుడు. గెల్‌మన్ చెప్పిన మొదటి సూత్రం మన నానమ్మలు ఆడించారు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవి ఎన్నో ఒక్క చూపులో చెప్పేస్తాం. వేలు పెట్టి లెక్కపెట్టకుండా మూడుని మూడుగా చూడగలగడం పెద్ద విద్య, తర్వాత కూడికలకు అదే ఆసరా. ఐదేళ్ళు దాటిన పిల్లలకు వామనగుంటలు నేర్పండి. పద్నాలుగు గుంటల పీట దొరక్కపోతే గుడ్ల ట్రే, చింతగింజలు చాలు. గుంటకొక గింజ వేసుకుంటూ పోవడంలోనే పంచడం ఉంది.

నీళ్ళతో ఒక సరదా పని. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోయండి. "రెండూ ఒకటేనా?" అంటే "ఒకటే" అంటారు. వాళ్ళ ముందే ఒక గ్లాసు నీళ్ళు సన్నటి పొడుగు సీసాలోకి పోసి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయో అడగండి. నాలుగేళ్ళ పిల్లలు సాధారణంగా సీసా చూపిస్తారు. పియాజే అనే స్విట్జర్లాండ్ మానసిక శాస్త్రవేత్త ఇలాంటివి చాలా చేసి చూశారు. ఆరేడేళ్ళ దాకా అలాగే అనుకోవడం మామూలే. ఒక్క మాట, దిద్దకండి. "కాదురా, నువ్వే చూశావుగా, ఒకటే నీళ్ళు" అని వాదిస్తే వాడు మీ మొహం చూసి "ఒకటే" అంటాడు, నమ్మి మాత్రం అనడు. స్నానం బకెట్ దగ్గర చెంబు, గ్లాసు, గరాటు ఇచ్చి వదిలేయండి. పోయడం, ఒంపడం, మళ్ళీ పోయడం. అలా ఎన్నిసార్లు ఆడితే అంత మంచిది.

మాటల సంగతికి వస్తాను. మనం పిల్లలతో మాట్లాడేదంతా రెండు రకాలు. ఒకటి ఆజ్ఞలు: రా, తిను, కూర్చో, ముట్టుకోకు. రెండోది పరీక్ష: ఇదేం రంగు? ఇదేం జంతువు? కుక్క ఎలా అరుస్తుంది? అంకుల్‌కి చెప్పు. పాపం, ఆ పిల్ల రోజూ ఇంటర్వ్యూకి వెళ్ళినట్టే! ఈ రెండూ తగ్గించి మామూలుగా కబుర్లు చెప్పండి. పోపుల పెట్టె తీసినప్పుడు "ఆవాలు నూనెలో వేస్తే చూడు, చిటపటమంటాయి. జీలకర్ర అంత గోల చెయ్యదు" అనండి. కళ్ళు మూసుకోమని ఆవాలూ మెంతులూ వాసన చూపించి, ఏది ఏదో చెప్పమనండి. ఈ ఆటలో మాత్రం ఎండుమిర్చి గిన్నె దూరం పెట్టండి.

ఇంగ్లీషు గురించి ఇక్కడ చాలామందికి టెన్షన్ ఉందని తెలుసు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతున్నామని చెప్పే ఇళ్ళలో నేను విన్నది ఎక్కువగా "కమ్ హియర్, సిట్ డౌన్, డోంట్ టచ్, ఫినిష్ యువర్ మిల్క్". ఆజ్ఞలు తప్ప ఇంకేమీ ఇంగ్లీషులో రావడం లేదు. కథ చెప్పాల్సి వచ్చినా, పోట్లాట తీర్చాల్సి వచ్చినా, మేఘం ఎందుకు కదులుతోందని వాడు అడిగినా మీ నోటికి తెలుగే వస్తుంది. ఆ భాషలోనే ధారాళంగా మాట్లాడండి. ఇంగ్లీషు బడిలో వస్తుంది, వస్తూనే ఉంది.

తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. చప్పట్లు కొడుతూ మాట పలకండి. అ, మ్మ: రెండు చప్పట్లు, రాస్తే రెండు అక్షరాలు. కొ, బ్బ, రి: మూడు. బెం, డ, కా, య: నాలుగు. మాట చివర పొల్లు వచ్చే 'బస్' లాంటివి పక్కనపెడితే, ఎన్ని చప్పట్లో దాదాపు అన్నే అక్షరాలు. చదవడం రాకముందే చెవి అక్షరాల్ని విడదీయడం నేర్చుకుంటుంది. బండిలో వెళ్తూ ఆడే ఆట ఇది. "మూడు చప్పట్ల కూరగాయ చెప్పు" అనండి. టమాటా అంటారు, దొండకాయ అంటారు, లెక్క తప్పుతారు, నవ్వుకుంటారు. ఆ తర్వాత 'క'తో మొదలయ్యేవి వంటింట్లో ఏమున్నాయో వెతకడం. కత్తి, కందిపప్పు, కవ్వం.

కథ రోజూ ఒకటే అడుగుతున్నారని విసుక్కోకండి. మీకు విసుగు, వాళ్ళకు అవసరం. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసి, అది నిజంగానే వచ్చినప్పుడు వాళ్ళ మొహం చూడండి. పదోసారి చెప్పేటప్పుడు మధ్యలో ఆగండి, మిగతాది వాళ్ళే అందుకుంటారు.

స్క్రీన్ గురించి క్లుప్తంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కూర్చుని చూసే స్క్రీన్ రోజుకు గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. మన పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండు నుంచి ఐదేళ్ళకు గంట లోపే అంటుంది, రెండేళ్ళ లోపు వద్దంటుంది. అన్నం తినిపించేటప్పుడు ఫోను పెట్టడం ముందు మానండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను. మూడేళ్ళ లోపు పిల్లలకు గింజలు, గోళీలు, గవ్వలు ఇవ్వకండి. ఆ వయసు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే, ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. వేరుశనగలు, శనగలు నోట్లో వేసుకుని పరిగెత్తనివ్వకండి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీలు మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. వాటి మూతలకు స్క్రూ ఉందో లేదో చూడండి. నీళ్ళ బకెట్ దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదిలి ఫోనెత్తడానికి వెళ్ళకండి.

ఇక మీరు అడగండి.

(ఒక తల్లి: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం మేడమ్. ఇంటికొచ్చేసరికి ఏడున్నర. ఇవన్నీ ఎప్పుడు చేయించాలి?)

అన్నీ వద్దమ్మా. రోజుకు ఒక్క పని ఇవ్వండి, అదే పని నెల రోజులు ఇవ్వండి. రాత్రి మడతపెట్టే బట్టల్లోంచి సాక్సుల జతలు వెతకడం మీ పాపది. అంతే. జతలు కలపడం, పెద్దదీ చిన్నదీ పోల్చడం అందులో ఉన్నాయి. అది ఆమె పని అని ఇంట్లో అందరికీ తెలియాలి. మీరు అలిసిపోయి ఆమె బదులు చేసేయకూడదు. మిగిలింది ఆదివారం కూరగాయల దగ్గర చూసుకోండి.

(ఒక తాతగారు: మా మనవడు సాయం చేస్తానని వచ్చి నీళ్ళన్నీ ఒలకబోస్తాడు. వాడి వెనక తుడవలేక చస్తున్నాం.)

తాతగారూ, వాడికిచ్చిన బిందె ఎంతదండీ? వాడి చేతికి సరిపడే చిన్న మగ్గు ఇవ్వండి, పావు వంతు మాత్రమే నింపండి. కింద ఒక పళ్ళెం పెట్టండి. పక్కన వాడి కోసం ఒక తుడుపుగుడ్డ పెట్టండి. ఒలికితే తిట్టకుండా "గుడ్డ ఎక్కడుంది?" అని అడగండి చాలు. ఒంపడం కంటే తుడవడమే ఎక్కువ ఇష్టమని కొందరు తేలతారు. అప్పుడు మీకు వేరే చిక్కు, కావాలనే ఒలకబోస్తారు.

(నవ్వులు)

(ఒక తండ్రి: మా అమ్మాయికి నాలుగేళ్ళు. ఎడమ చేత్తోనే గీస్తోంది. మా అమ్మ ఆ చేతిలోంచి లాగి కుడిచేతికి ఇస్తోంది. మార్పించాలా?)

వద్దండీ. ఏ చేతివాటం అన్నది మెదడులోంచి వస్తుంది, అది చెడ్డ అలవాటు కాదు. అమ్మగారికి అన్నం విషయంలో పట్టింపు ఉంటే దాని గురించి ఇంట్లో మాట్లాడుకోండి, పెన్సిల్ మాత్రం వదిలేయమనండి. కాగితం కుడివైపుకి కొంచెం ఏటవాలుగా పెట్టండి, రాసింది తన చేతి కింద నలగకుండా కనిపిస్తుంది. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి, లేకపోతే పక్క పిల్ల మోచెయ్యి తగిలి రోజూ పోట్లాటే. కత్తెర కొనేటప్పుడు ఎడమచేతి వాళ్ళదని అడిగి తీసుకోండి. మామూలు కత్తెరతో వాళ్ళకు కాగితం తెగదు, మడతపడుతుంది. అది చూసి పిల్లకు చేతకావడం లేదని మనం అనుకుంటాం.